ఎవరూ తుమ్మని కారం

గిర్నీ ఇంట్లో కారం కొనరు. పెళ్ళయిన మూడో రోజు నాకీ సంగతి తెలిసింది. సాయంత్రం మిషన్ ఆపేశాక మా అత్త మొగిలమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని, మూత తీసి, కుచ్చు బ్రష్షుతో లోపలంతా దులిపింది. కిలోకు తక్కువ కాకుండా కారం చాటలోకి రాలింది. కాయ పట్టించుకునే ప్రతి ఒక్కరిదీ ఓ పిడికెడు పొడి జల్లెడ మూలల్లో, గోడల వెంట అంటుకుని మిగిలిపోతుంది. ఆ పిడికిళ్ళన్నీ కలిస్తే మా ఇంటి జాడీ.

"ఇది దొంగతనం కాదా అత్తమ్మా?" అన్నాను, కొత్తకోడలి తెలివితో.

"దొంగతనమైతే తలుపులు తెరిచి చేస్తమా? గిర్నీ హక్కు ఇది. మీ మామ ఉన్నప్పటి సంది ఇంతే. ఊరందరి కారం మన కూరల ఉంటది. గందుకే మన కూర ఏ ఇంటి కూర లెక్క ఉండది," అంది.

మాది నెక్కొండ, స్టేషన్ రోడ్డు. గిర్నీ అంటే పిండిమర; పిండికి ఒక మిషన్, కారానికి ఒక మిషన్. నా పుట్టిల్లు వరంగల్ కొత్తవాడ. మా నాయన జంపఖానాల నూలుకు రంగు వేసేవాడు. హన్మకొండలో డిగ్రీ చదివి, నూలు రంగుల వాసనలోంచి లేచి వచ్చి కారం ఘాటులో పడ్డాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. కారం మిషన్ నడుస్తున్నంతసేపూ మా వాడంతా తుమ్ముతుంది. ఎదురుగా టైలరు ఎల్లస్వామి, పక్కన ఫోన్లు బాగుచేసే దుకాణంవాళ్ళు, రైలు దిగి సంచులతో నడిచి వచ్చేవాళ్ళు, అందరూ. మొదట్లో నాకు సిగ్గనిపించేది. మా అత్త మాత్రం గడపలో కూర్చుని ఆ తుమ్ములు లెక్కపెట్టుకుంటూ, "ఈ కాయ ఘాటున్నది, ఇది తాలు కాయ" అని చెప్పేది. ఎప్పుడూ తప్పలేదు.

రెండు వేల ఇరవై నాలుగులో, వినాయక చవితి వారం ఉందనగా ఆ వాన కురిసింది. శనివారం మొదలైంది. ఆదివారం తెల్లారేసరికి కేసముద్రం దగ్గర పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రైళ్ళన్నీ నిలిచిపోయాయి. రైలు చప్పుడు లేని స్టేషన్ రోడ్డును అప్పుడే మొదటిసారి విన్నాను. మరిపెడ వైపు ఆకేరు ఊళ్ళ మీదికి వచ్చిందనీ, ఇళ్ళల్లో బియ్యం, ఉప్పు, కారం అన్నీ బురదలో కలిసిపోయాయనీ ఒకరి తర్వాత ఒకరు చెప్పిపోతున్నారు. మా ఇంటికి నీళ్ళు గడప దాకా వచ్చి ఆగాయి. కరెంటు మాత్రం పోయింది. ఊళ్ళో ఒక్క గిర్నీ కూడా నడవడం లేదు.

నాలుగో రోజు పొద్దున రాజేశ్వర్ రావు వచ్చాడు. వరంగల్‌లో హాస్టళ్ళకూ మెస్సులకూ సరుకులు వేసే కాంట్రాక్టరు. అతని వెనక బస్తాల డీసీఎం వ్యాను, దానికి తగిలించి లాక్కొచ్చిన జనరేటర్. ఊరు ఊరంతా మోకాళ్ళ దాకా బురదలో ఉంటే అతని తెల్ల చొక్కా మీద ఒక్క చుక్క లేదు.

"తమ్మీ, నీ మిషన్ తడవలేదట గద," అన్నాడు మా ఆయనతో.

"దేవుని దయ అన్నా," అన్నాడు మల్లికార్జున్.

"వరద ఊళ్ళకు మూడు వేల కిట్లు పోవాలె. బియ్యం, పప్పు, నూనె దొరికినయి. కారమే లేదు. ప్యాకెట్లు తెచ్చే లారీలు రోడ్లు తెగి ఏడికాడికి ఆగినయి. కాయ నా దగ్గర ఉంది. పట్టి, ప్యాకెట్లు చేసి చర్చి హాల్ల దానియేలు సార్‌కు అప్పజెప్పుడే నీ పని. జనరేటర్ నీకాడనే పెడ్త. నా పని అయినంక ఊరోళ్ళ పిండి పట్టుకో, నాకేం వద్దు."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. అన్నీ పోయినవాళ్ళకు మన చేతి కారం పోతుందంటే ఎవరికి మాత్రం బాగుండదు? జేబులోంచి రావు ఓ స్టిక్కర్ల చుట్ట తీసి చూపించాడు. ఎర్రటి అక్షరాలు. "మల్లన్న గిర్నీ, నెక్కొండ", కింద మా ఆయన ఫోన్ నంబరు.

"నీ పేరే ఏయించిన. నలుగురికి తెలుస్తది," అన్నాడు.

మా అత్త ఆ స్టిక్కరొకటి తీసి దేవుని గూట్లో పెట్టింది.

నాలుగు రోజులు నడిచింది ఆ పట్టుడు. బస్తా మూతి విప్పితే కాయ నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. పట్టిన పొడి ఎంత ఎరుపుందంటే, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. మా ఆయన తలుపులు దగ్గరికి వేసి, నోటికి దస్తీ కట్టుకుని, మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. "జనరేటర్ కరెంటు అమ్మా, మిషన్ జోలికి రాకుండ్రి, షాక్ కొడ్తది," అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం మా అత్త గడపలో కూర్చుని ఉన్నట్టుండి తలెత్తింది.

"ఏందే పద్మా, ఎవరు తుమ్ముతలేరు?"

నేను చెవి పెట్టి విన్నాను. జనరేటర్ మోత, మిషన్ మోత. రోడ్డవతల ఎల్లస్వామి తలొంచుకుని ఏదో చొక్కాకు కాజాలు కుడుతున్నాడు. ముప్పై అడుగుల దూరంలో క్వింటాళ్ళ కొద్దీ కారం పడుతుంటే అతను ముక్కు కూడా చీదలేదు.

"వాన గాలి గదనే, పొడి పైకి లేస్తలేదు," అన్నాడు మా ఆయన లోపలి నుంచి.

మా అత్త నమ్మలేదు. అలాగని ఏమీ అనలేదు. అన్నీ పోయినోళ్ళకు పోయే కారానికి వంకలు పెట్టడం పాపం అనుకుందేమో.

నేనూ అంతే. ఆ రోజుల్లోనే మా ఆయన చెంచాతో తినడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక చెంచా ముట్టని మనిషి. అదీ పెరుగన్నమే. అడిగితే, "చవితికి మొక్కుకున్న, తొమ్మిది రోజులు ఉప్పుకారం ముట్ట," అన్నాడు. చెంచాకూ మొక్కుకూ ఏం సంబంధమని నేను అడగలేదు. వరదలో భక్తి పెరగడం వింతేమీ కాదు కదా అనుకున్నాను.

చవితి అయిపోయింది. ప్యాకెట్లు చర్చి హాలుకు చేరాయి. బియ్యం లారీ ఆలస్యమై కిట్లు పంచడం వెనక్కి జరుగుతూ, చివరికి ఆ పై సోమవారానికి నిలిచింది.

ఆలోగా మా తేజస్వికి కడుపునొప్పి పట్టుకుంది.

ఎనిమిదేళ్ళ పిల్ల. బడి లేదు, ఇంట్లోనే ఉంటోంది. మొదటి రోజు వరద నీళ్ళు పడలేదేమో అనుకుని కాచి చల్లార్చి తాగించాం. రెండో రోజు విరేచనాలు. మూడో రోజు, శనివారం పొద్దున, టమాటా కూరతో నాలుగు ముద్దలు తిని, బయటి మోరీ దగ్గరికి ఉరికి కక్కుకుంది. బడి లేకున్నా యూనిఫాం తెల్లచొక్కా తొడుక్కుని ఉంది. ఆ చొక్కా ముందంతా ఎర్రగా అయింది.

నెత్తురనుకున్నాను. పిల్లను ఎత్తుకుని ఎట్లా ఉరికానో నాకు తెలియదు. చెప్పులు లేవు. దవాఖానలో డాక్టరమ్మ నాలుక చూసింది, కడుపు నొక్కి చూసింది, చొక్కా వెలుతురులో పెట్టి చూసింది.

"నెత్తురు కాదమ్మా. ఏం తిన్నది?"

"టమాటా కూర."

"ఇంత ఎర్రగనా?" అంది. మందులు రాసిచ్చి, "రెండు రోజులు కారం లేకుండా పెట్టు," అంది.

ఇంటికి వచ్చి చొక్కా నానబెట్టి, సబ్బు పెట్టి రుద్ది, దండెం మీద ఆరేశాను. అన్ని రోజుల ముసురు తర్వాత ఆ రోజే ఎండ కాసింది. రెండు గంటల తర్వాత చొక్కా తీయబోయి ఆగిపోయాను.

పసుపు మరక ఎండకు పోతుంది. కారపు మరక సబ్బుకు సగం పోయి, ఎండకు మిగతా సగం పోతుంది. పసుపు పోయింది. ఎరుపు మాత్రం ఉంది. ఉండడం కాదు, ఇంకా తేటపడి కూర్చుంది. ఉతికిన కొద్దీ గట్టిపడే ఎరుపు.

ఆ ఎరుపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాయన గోళ్ళలో ఉండేది.

ఇంట్లోకి వచ్చి ట్రంకు పెట్టెలోంచి తెల్ల నూలు కండె తీశాను. రెండు స్టీలు గ్లాసుల్లో మసిలే నీళ్ళు పోశాను. ఒక దాంట్లో దూలానికి వేలాడదీసిన మిరపకాయలు నాలుగు దంచి వేశాను. రెండోదాంట్లో జాడీలోని కారం. రెండింట్లో చెరో చిటికెడు ఉప్పు. నూలుకు రంగు పట్టాలంటే ఉప్పు పడాలి, కొత్తవాడలో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు ఈ సంగతి. రెండు గ్లాసుల్లో రెండు దారపు పోగులు వేసి, వంద లెక్కపెట్టి, తీసి, సబ్బుతో పిండాను.

మొదటి పోగు తెల్లగా బయటపడింది. రెండోది ఎర్రగా, జంపఖానా అంచుకు పనికొచ్చేంత ఎర్రగా ఉంది.

వాటిని దండెం మీద పక్కపక్కనే ఆరేసి, కారం మిషన్ కింద చేయి పెట్టి వెతికాను. మూలకు ఒక కాయ దొరికింది. పైన నూనె నిగనిగ. చీల్చితే లోపల బూడిద రంగు బూజు, గింజల మధ్య ఎండిన ఒండ్రు. ఎప్పటి వరదలోనో మునిగి ఘాటు పోయిన కాయ.

మల్లికార్జున్ మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. పళ్ళెం పక్కన నేను చెంచా పెట్టలేదు. ఎదురుగా ఆ చీల్చిన కాయ పెట్టాను.

అతను పళ్ళెం వెనక్కి జరిపాడు.

"పిల్లకు కడుపునొప్పి ఎందుకో తెలుసా?" అన్నాను.

"వరద నీళ్ళకు..."

"జాడీల కారానికి."

తలెత్తాడు. ముఖంలో అర్థం కానితనం నిజంగా ఉంది. "జాడీలకు అది ఎట్ల వస్తది? నేను మిషన్ దులపలే. నాలుగు రోజులు ఒక్కసారి కూడ దులపలే. అయిపోయినంక తవుడు పోసి కడిగి పారేసిన. ఇంట్లకు ఒక్క చెంచెడు రానియ్యలే పద్మా."

పొయ్యి దగ్గర మా అత్త వెనక్కి తిరిగింది.

"నువ్వు పని ఒత్తిడిల మరిచిపోతానవని నేనే దులిపిన బిడ్డా," అంది. "పొద్దుమూకి నువ్వు ప్యాకెట్లు దింపనీకి చర్చికి పోయినప్పుడు. జనరేటర్ బంద్ చేసినంకనే దులిపిన, నాకేం షాక్ కొడ్తది? నాలుగు రోజులు నాలుగు చాటలు. మంచి ఎరుపుంది, మంట లేదు, పిల్లకు ఇష్టమని దాంతోనే ఒండుతాన."

మా అత్త చేతిలో గంటె నుంచి పప్పు చుక్కలు నేల మీద పడుతున్నాయి.

అప్పుడు అతను అరచేతులు తిప్పి చూపించాడు. గీతల్లో, గోళ్ళ చుట్టూ ఎరుపు. కిరసనాయిలుతో రుద్దిన చోట తోలు లేచింది.

"కాయకు రంగేసిండ్రని మొదటి బస్తా పోసినప్పుడే తెల్సింది," అన్నాడు. "రావుకు ఫోన్ చేసిన. బిల్లు నా పేరు మీద అయిందన్నడు, స్టిక్కరు మీద నా పేరుందన్నడు. నువ్వు నోరు తెరిస్తే పోయేది నువ్వే అన్నడు. రెండో బస్తా పొయ్యకుంట ఆపొచ్చు. ఆపలే."

"సోమవారం పంచుతాండ్రు," అన్నాను.

"తెల్సు."

"ఎవల పిల్లలకో."

"తెల్సు అంటాన గద," అన్నాడు మెల్లగా. లేచి, అన్నం ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమంతా నాది ఒకటే లెక్క. చెప్తే మొదట మెడకు చుట్టుకునేది మా పేరే, జైలుకు పోయేది మా ఆయనే. చెప్పకపోతే మూడు వేల ఇళ్ళు. ఇంటికి ఇద్దరు పిల్లలనుకున్నా... ఆ లెక్క ఎప్పుడూ చివరి దాకా చేయలేకపోయాను. తేజు మూలిగినప్పుడల్లా మధ్యలో తెగిపోయేది.

ఆదివారం పొద్దున్నే రావు వచ్చాడు. జనరేటర్ తీసుకుపోవడానికి. మా ఆయన ఇంట్లో లేడు. డ్రైవరు జనరేటర్‌ను వ్యానుకు తగిలిస్తుంటే రావు వాకిట్లోకి నడిచి వచ్చి దండెం దగ్గర ఆగాడు.

"ఏంది చెల్లె, నూలుకు రంగు ఏస్తానవా?"

"మా పుట్టింటి పని అన్నా. చెయ్యి మరిచిపోవద్దని."

"కొత్తవాడ గద మీది."

నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

"మీ తమ్ముడు మడికొండల కంపెనీల చేస్తాండట గద. నైట్ డ్యూటీనట. బండి మీద ఒక్కడే వస్తాండట," అన్నాడు. గొంతులో ఎక్కడా గరుకు లేదు, చుట్టపు పలకరింపులాగే ఉంది. "వానకు రోడ్లన్ని గుంతలైనయి. జర పైలం అని చెప్పు."

"చెప్త అన్నా," అన్నాను. నా నాలుక నాకే ఎవరిదో అనిపించింది.

"పిల్లకు పానం బాగలేదట?"

"ఇప్పుడు నయమే."

"పిల్లలకు కారం ఎక్కువ పెట్టొద్దు," అన్నాడు.

ఎర్ర పోగు దండెం మీద నుంచి తీసి, తాపీగా వేలికి చుట్టుకుని, జేబులో వేసుకున్నాడు. తెల్ల పోగు ముట్టలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా నేను కదల్లేదు. తిరిగాక చూసుకుంటే దండెం కొయ్యను పట్టుకున్న నా చేతికి చెక్క పేడు గుచ్చుకుని ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో తెలియలేదు.

తమ్మునికి ఫోన్ చేశాను. "రేపటి సంది బస్సుల పో. ఎందుకని అడగకు," అన్నాను. వాడు అడిగాడు. నేను పెట్టేశాను.

తర్వాత సంచిలో నూలు కండె, ఉప్పు డబ్బా, సబ్బు ముక్క, ఫ్లాస్కులో వేడి నీళ్ళు పెట్టుకున్నాను. పిల్లను అత్తకు అప్పజెప్పాను. ఎక్కడికని అత్త అడగలేదు. కారం జాడీ ఖాళీ చేసి, మోరీ దగ్గర కూర్చుని బూడిదతో తోముతోంది. అప్పటికి అది మూడోసారి తోమడం.

ప్రార్థన అయిపోయి చర్చి ఖాళీ అయింది. పక్క హాల్లో కిట్లు వరుసలు తీరి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్ళు సంచుల్లో సరుకులు సర్దుతున్నారు. దానియేలు సార్ బల్ల దగ్గర లిస్టు రాసుకుంటున్నాడు. లెక్కల సారు, రిటైరై ఆరేళ్ళయింది. మా ఆయనకు పదో తరగతి దాకా చెప్పాడు.

"రా బిడ్డా. మల్లి రాలేదా? ప్యాకెట్ మీద మనూరి పేరు చూసి మా రూతు ఒక్కటే మురిసిపోతాంది," అన్నాడు.

"సార్, ఒక కారం ప్యాకెట్ కావాలె. ఒక గ్లాసు."

ఆయన భార్య రూతమ్మ తెచ్చిచ్చింది. బల్ల మీదే చేశాను. నీళ్ళు, ఉప్పు, కారం, పోగు. సర్దుతున్న ఆడవాళ్ళ చేతులు ఒక్కటొక్కటిగా ఆగాయి. నేను పోగును సబ్బుతో పిండి ఆయన లిస్టు కాగితం మీద పెట్టాను. కాగితం కూడా ఎర్రబడింది.

"నూలు రంగు సార్. కాయ వరదల మునిగింది. బూజు కనపడకుంట ఉండనీకి ఏసిండ్రు."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను నమ్ముత బిడ్డా. గాని దారానికి రంగు అంటిందని చెప్పి మూడు వేల ప్యాకెట్లు ఆపితే, రావు ఊకుంటడా? వాళ్ళింట్ల కొట్లాటకు కోడలు పిల్ల ఏదో చేసిందంటడు. అధికారులు వచ్చి చూసేదాంక ఎవలు నమ్మాలె?" ఆగి, గొంతు తగ్గించాడు. "దీని మీద మీ పేరుంది. ఆలోచించుకునే వచ్చినవా?"

"వచ్చిన సార్."

అనేశాను గానీ సంచి పిడి చేతిలోనే ఉంది. ఇంకొక్క మాట ఎవరైనా నెమ్మదిగా అని ఉంటే, ఆ సంచి తీసుకుని ఇంటికి వచ్చేసేదాన్నేమో. ఇది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. మల్లికార్జున్. నన్ను చూడలేదు. బల్ల దాకా వచ్చి, రెండు చేతులూ వెల్లకిలా తిప్పి ఆ లిస్టు కాగితం మీద పెట్టాడు.

"వారం అయింది సార్," అన్నాడు. "పోతలేదు."

దానియేలు సార్ కలం కింద పెట్టాడు. ఒకప్పుడు ఎక్కాలు రాలేదని ఆ చేతుల మీదే బెత్తంతో కొట్టాడట. ఇప్పుడు చూపుడువేలితో ఒక గీతను మెల్లగా తడిమి చూశాడు.

తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి, పాఠం అయిపోయింది, పుస్తకాలు మూయండి అన్నట్టు, "కారం తియ్యిండ్రమ్మా," అన్నాడు. "అన్ని సంచులకెల్లి."

సంచుల ముడులు విప్పుతున్న చప్పుడు హాలంతా నిండింది. రూతమ్మ లిస్టు చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"శుక్రవారం ఒక ట్రాక్టరు పోయింది గదండి. ఆకేరు అవతలి ఊరికి. అరవై కిట్లు."

ఆ మధ్యాహ్నమే బయలుదేరాం. సార్ స్కూటరు మీద, మేమిద్దరం మా బండి మీద. చర్చివాళ్ళు తమ ఇళ్ళల్లో ఉన్న ఎండుమిర్చి పోగేసి రెండు గోనెలకు నింపి ఇచ్చారు. తెగిన రోడ్డు దగ్గర బండ్లు దించి బురదలో నడిచాం. ఇంటింటికీ పోయి ప్యాకెట్ అడిగి తీసుకుని, బదులు గుప్పెడు కాయలు ఇచ్చాం. కొందరు విప్పనే లేదు. కొందరు సగం వాడారు. మా ఆయన ప్రతి గడప ముందూ ఒకటే మాట అన్నాడు: "నా గిర్నీదే. మంచిది కాదు. తినకుండ్రి."

ఊరి చివర పోశయ్య అనే ముసలాయన గోడలు కూలిన ఇంట్లో, టార్పాలిన్ పరదా కింద పొయ్యి మీది కూర దించబోతున్నాడు. కూర ఎర్రగా ఉడుకుతోంది. పక్కన ఇద్దరు మనవరాళ్ళు పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. ప్యాకెట్ ఇమ్మంటే వెనక్కి పెట్టుకున్నాడు.

"అన్ని వాగే తీసుకపోయింది. ఇచ్చింది గూడ మీరు తీసుకపోతరా?" అన్నాడు.

నేను ఆ పిల్లల ముందు కూర్చున్నాను. "నా బిడ్డ గిదే తిన్నది తాతా. మంచాన పడ్డది," అన్నాను. ముసలాయన నన్ను చూశాడు, కూరను చూశాడు. గిన్నె తీసుకుపోయి బురదలో ఒంపేశాడు. చిన్న పిల్ల ఏడుపు అందుకుంది. ఆకలితో ఏడ్చే ఏడుపు. మేము వాగు దాటేదాకా వినపడుతూనే ఉంది.

అరవైలో యాభై మూడు దొరికాయి. మిగతా ఏడు ఎవరి కడుపుల్లో ఉన్నాయో మాకు తెలియదు.

తిరిగి వస్తూ సార్ స్కూటరు పోలీస్ స్టేషన్ ముందు ఆపాడు. మా ఆయన బండి తాళం నా చేతిలో పెట్టి, "అమ్మకు మెల్లగ చెప్పు," అని లోపలికి వెళ్ళాడు.

అధికారులు వచ్చారు, నమూనాలు తీశారు, మిషన్‌కు లక్క సీలు వేశారు. మా ఆయన పదిహేడు రోజులు లోపల ఉండి వచ్చాడు. రావు కూడా దొరికాడు గానీ ఇతని కంటే ముందే బయటికి వచ్చాడు. కేసు నడుస్తోంది. వాయిదాకు పోయినప్పుడల్లా అతను అదే తెల్ల చొక్కాలో, వేపచెట్టు కింద నిలబడి, "తమ్ముడు బస్సులనే పోతాండా చెల్లె?" అని అడుగుతాడు. మావాడు ఇప్పటికీ బస్సులోనే పోతున్నాడు.

తేజు లేచి తిరిగింది. వరంగల్‌లో పరీక్షలు చేయించాం. బూజు చేసే పని వెంటనే తెలియదనీ, ఏడాదికోసారి చూపించుకోవాలనీ అన్నారు. మొన్న బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అని అబద్ధం చెప్పింది. నేను ఏడ్చేసరికి భయపడి బడికి పోయింది. ఆ చొక్కా ఇంకా ఉంది. ఎరుపు ఇంకా ఉంది.

కొత్త కాయ వచ్చే కాలానికి సీలు తీశారు. ఎవరు వస్తారులే అనుకున్నాం. మొదటి రోజు మధ్యాహ్నం దాకా గడపలో నీడ పడలేదు. అప్పుడు రూతమ్మ అయిదు కిలోల కాయతో వచ్చింది. మా ఆయన మిషన్ మూత తీసి, లోపల వేలు పెట్టి రుద్ది, ఆ వేలు ఆమెకు చూపించాడు. పట్టడం అయిపోయాక మా అత్త బ్రష్షు అందుకుంది. పాత అలవాటు. మా ఆయన ఆమె చేతిలోంచి బ్రష్షు తీసుకుని, లోపలి పిడికెడు కూడా దులిపి, రూతమ్మ డబ్బాలోనే పోశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో కారం రోట్లోనే దంచుకుంటున్నాం.

కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు మిషన్ మొదలవగానే నేను లోపల నిలబడలేకపోయాను. రోడ్డు మీదికి వచ్చాను. రైలు ఒకటి వచ్చి పోయింది. దాని చప్పుడు తగ్గాక మిషన్ మోత ఒక్కటే మిగిలింది. ఎదురుగా ఎల్లస్వామి తలొంచుకుని కాజా కుడుతున్నాడు. కుడుతూనే ఉన్నాడు. గడపలో మా అత్త కూడా అతన్నే చూస్తోంది.

సూది ఆగింది. అతని ముఖం మెల్లగా ముడుచుకుంది. తర్వాత కత్తెర కింద పడేంత గట్టిగా తుమ్మాడు.

ఫోన్ల దుకాణంలో ఇంకొకరు. ఆ వెనక సంచి మోస్తూ నడిచే ఆమె.

"రూతమ్మ కాయ ఘాటున్నది," అంది మా అత్త.

ఇప్పటికీ అంతే. కారం మిషన్ ఆన్ చేయగానే నేను పొయ్యి మీద ఏది ఉన్నా దించి రోడ్డు మీదికి వస్తాను. ఎవరో ఒకరు తుమ్మాలి. అప్పటిదాకా లోపలికి పోను.